ముప్పు తప్పింది అంటున్నారు, ఎవరికి తప్పింది?



పొడుగ్గా రాస్తానని నాకు ఇప్పటికే ఒక పేరుంది. ఈసారి ఇంకాస్త పొడుగు, క్షమించాలి. ఆదివారం జనరల్ బాడీలో నాకు అయిదు నిమిషాలిస్తారు, అందులో మూడు నిమిషాలు మైకు సరిచెయ్యడానికే పోతాయి. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఎజెండాలో ఆరో అంశం చూశారా? కల్యాణ మండపం గేటు పక్కన వాతావరణం చూపించే ఎల్‌ఈడీ బోర్డు పెడతారట. ఎండ ఎంత, తేమ ఎంత, గాలి ఎంత అని ఎర్రక్షరాలు పరిగెడతాయి. కొటేషన్ లక్షన్నర. ఇంతవరకూ నాకు బాధ లేదు. పెళ్ళికొచ్చిన వాళ్ళు దాని ముందు నిలబడి ఫోటో దిగుతారు, దిగనివ్వండి. కానీ ఈ ఖర్చు ఏ పద్దు కింద రాశారో చూడండి: "మత్స్యకార సోదరుల సంక్షేమం". బోర్డు బరంపురం నడిబొడ్డున. మత్స్యకార సోదరులేమో పదిహేను కిలోమీటర్ల అవతల గోపాల్‌పూర్ ఒడ్డున, ఇంకా పైకి పోతే ఆర్యపల్లిలో, కిందికొస్తే రామయపట్నంలో, సోనాపూర్‌లో. తెల్లవారుజామున మూడింటికి బోటు నీళ్ళలోకి తోసేవాడు రాత్రి బరంపురం వచ్చి మన గేటు దగ్గర గాలి ఎంతో చూసుకుని వెళ్తాడా?

పైగా ఆ బోర్డు చూపించేది ఊళ్ళో గాలి. సముద్రం మీది గాలి కాదు. ఈ తేడా మన కమిటీలో ఎంతమందికి తెలుసో నాకు అనుమానం. ఈ పోస్టు రాయడానికి అదే కారణం.

భాద్రపదం నడుస్తోంది. ఇప్పటినుంచి కార్తీకం దాకా మన ఒడ్డున వాతావరణం ఎలా ఉంటుందో ఇక్కడ పుట్టిపెరిగిన వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. పొద్దున్న సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంటుంది. పదకొండు దాటేసరికి ఒడ్డు మీదికి గాలి మొదలౌతుంది, సాయంత్రానికి చొక్కా ఎగిరిపోయేంత వీస్తుంది. చల్లగా హాయిగా ఉంటుంది, కలకత్తా వాళ్ళు గోపాల్‌పూర్ లాడ్జీలకు దిగేదీ ఇప్పుడే. నైరుతి ఇంకా పూర్తిగా వెళ్ళలేదు. ఒడిశా నుంచి అది తప్పుకునేసరికి అక్టోబరు రెండో వారం అవుతుంది. ఈ లోగా గాలి ఒక దిక్కున నిలబడదు. ఒకరోజు నైరుతి, ఒకరోజు తూర్పు, ఇంకోరోజు అసలేమీ ఉండదు. అక్టోబరు వచ్చేసరికి ఒడ్డు వెంట నీటి పోటు కూడా తిరగబడి ఉత్తరం నుంచి దక్షిణానికి లాగడం మొదలుపెడుతుంది. వలలు వేసేవాళ్ళకు ఇది చేతుల్లోనే తెలుస్తుంది.

సరిగ్గా ఈ రోజుల్లోనే బంగాళాఖాతం వాయవ్య మూలలో అల్పపీడనాలు పుడతాయి, చాలావాటి దారి మన మీదుగానే. పెద్దవి అందరికీ గుర్తున్నాయి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లా కొండల్ని కూల్చింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర. వీటి గురించి మాట్లాడమంటే మన వేదిక మీద ఒక్కొక్కరు గంట మాట్లాడతారు. 2018లోనే, తిత్లీకి మూడు వారాల ముందు, సెప్టెంబరు 21 తెల్లవారుజామున "దాయే" అనే తుపాను గోపాల్‌పూర్ దగ్గరే దాటింది, ఎవరికైనా గుర్తుందా? 19న వాయుగుండం, 20 రాత్రికి తుపాను, 21 తెల్లారకముందే ఒడ్డు మీద. రెండు రోజులు కూడా నిండలేదు. చిన్న తుపాను కాబట్టి మర్చిపోయాం.

నా వాదన ఈ చిన్నవాటి గురించే. పెద్ద తుపాను వస్తే ఒడిశా ప్రభుత్వం చేసే పని నేను తక్కువ చెయ్యను. 1999లో దాదాపు పదివేల మంది పోయిన రాష్ట్రం, ఫైలిన్‌కు పది లక్షల మంది దాకా ముందే ఖాళీ చేయించి ప్రాణనష్టాన్ని పదుల్లో ఆపింది. మన వెంకటరాయపూర్‌ని 2020లో యునెస్కో వాళ్ళు సునామీకి సిద్ధంగా ఉన్న గ్రామంగా గుర్తించారు. హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలన్నిట్లో ముందుగా ఆ గుర్తింపు దక్కింది మన గంజాం పేటకూ, జగత్‌సింగ్‌పూర్ నోలియాసాహీకీ. తీరం వెంట సైరన్ టవర్లున్నాయి. ఫైలిన్ ముందు రోజు నా చెవులతో విన్నాను, పేటల్లో తెలుగులో కూడా మైకు చెప్పించారు. పెద్ద గాలికి పోలీసులొస్తారు, బస్సులొస్తాయి, తెలుగు వచ్చినవాణ్ణి ఎక్కడినుంచైనా పట్టుకొస్తారు.

"గాలి గంటకు 45 నుంచి 55 కిలోమీటర్లు, అప్పుడప్పుడు 65, వేటకు వెళ్ళవద్దు" అని ఒక్క ముక్క వచ్చే రోజున మాత్రం ఎవరూ రారు. ఆ రోజు బస్సులు లేవు, మైకు లేదు. ఇంగ్లీషులో ఒక కాగితం, ఒడియాలో ఒక కాగితం, అంతే. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇలాంటి రోజులు ఎన్ని వస్తాయో లెక్కపెట్టుకోండి. 20 కిలోమీటర్ల గాలికీ 50 కిలోమీటర్ల గాలికీ తేడా రెండున్నర రెట్లే అనుకుంటాం. గాలి వేగం రెండున్నర రెట్లైతే అది తోసే బలం ఆరు రెట్లు దాటుతుంది. చిన్న ఫైబర్ బోటుకు, ఒడ్డున కెరటం విరిగే చోట అడ్డం తిరిగిపోవడానికి అది చాలు.

ఇప్పుడు నా తప్పు చెప్పుకుంటాను.

పోయినేడు ఇదే రోజుల్లో, బంగాళాఖాతంలో ఒకటి తయారైంది. ముందు కళింగపట్నం వైపు వస్తుందన్నారు. రెండు రోజులు మన గ్రూపు నిండా అవే వీడియోలు. మూడో రోజు మధ్యాహ్నం ఒక తెలుగు ఛానల్ క్లిప్పు వచ్చింది, పెద్ద పెద్ద అక్షరాలతో: ఉత్తరాంధ్రకు ముప్పు తప్పింది. గ్రూపులో దండాలు, పువ్వులు, "అంతా ఆ తల్లి దయ". ఆ క్లిప్పుని గోపాల్‌పూర్ పక్క పేటలో నాకు తెలిసిన కుర్రాళ్ళ గ్రూపులోకి పంపింది ఎవరనుకున్నారు? నేనే. సంతోషంతో పంపాను.

ఉత్తరాంధ్రకు ముప్పు ఎలా తప్పింది? అది ఉత్తరానికి జరిగింది కాబట్టి. ఉత్తరానికి అంటే ఇచ్ఛాపురం దాటి. ఇచ్ఛాపురం దాటితే ఎవరున్నారు? మనం. విజయవాడలో, హైదరాబాదులో కూర్చుని వార్త చదివేవాడికి ఇచ్ఛాపురంతో తెలుగు నేల అయిపోతుంది, వాడి తప్పు కాదు. వాడు వాడి రాష్ట్రానికి చెప్పాడు. భువనేశ్వర్ వాతావరణ కేంద్రం అదే మధ్యాహ్నం గంజాం తీరానికి వేటకు వెళ్ళొద్దని బులెటిన్ ఇచ్చింది. రాత్రి తీరిగ్గా వెతికితే నా ఫోన్‌లోనే దొరికింది. ముప్పయ్యేళ్ళు తంతి ఆఫీసులో పనిచేసినవాణ్ణి, తుపాను హెచ్చరిక టెలిగ్రాం వస్తే అన్నం ముందు నుంచి లేచి పరిగెత్తినవాణ్ణి, నాకు చదవడం రాక కాదు. చదవలేదు. తెలుగులో వచ్చింది, మనవాళ్ళది అనుకున్నాను, పంపేశాను.

తెల్లవారి ఆ పేట నుంచి నాలుగు బోట్లు వెళ్ళాయి. మూడు ఎలాగో తిరిగొచ్చాయి. నాలుగోది ఒడ్డు కనబడుతుండగా కెరటంలో తలకిందులైంది. నలుగురూ బతికారు. ఒకడి మోకాలు బోటుకీ ఇంజనుకీ మధ్య నలిగింది, ఇప్పటికీ కుంటుతున్నాడు, వేటకు పోవడం లేదు. వలలు పోయాయి, అప్పు మిగిలింది. ఎవరూ చావలేదు కాబట్టి పేపర్లో రాలేదు, మన గ్రూపులోనూ రాలేదు. వాడి పెళ్ళి మన మండపంలోనే అయింది, ఆ ఫోటోలు మాత్రం గ్రూపులో ఇప్పటికీ ఉన్నాయి.

పరామర్శకు వెళ్తే వాడి తాత అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పాత తెప్పల కాలం మనిషి, నన్ను ఇప్పటికీ తంతి బాబూ అనే పిలుస్తాడు. "మావా, నువ్వు గాలి చూసి చెప్పలేకపోయావా?" అన్నాను, అనకూడని మాట. ఆయన కోప్పడలేదు. "ఒడ్డు మీది గాలి ఏటి సెప్తాదో నాకు తెలుసు బాబూ. నాలుగొందల మైళ్ళ అవతల ఏటౌతుందో ఈ గాలికేటి తెలుసు? అది సెప్పాల్సినోడివి నువ్వు కాదేటి?" అన్నాడు.

"మనవాళ్ళకు సముద్రం పుస్తకంలా తెలుసు, వాళ్ళకు ఫోన్లెందుకు" అని కమిటీలో తరచూ వినిపించే మాటకు నా దగ్గర ఇంతకంటే జవాబు లేదు. ఆ పెద్దాయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఎక్కడో దూరాన తుపాను లేపిన అల, గాలి లేని రోజున, నీలాకాశం కింద, పొడుగాటి ఉబ్బుగా వచ్చి మన ఒడ్డున విరుగుతుంది. దాన్ని ముందే లెక్కగట్టి చెప్పేది హైదరాబాదులోని ఇన్‌కాయిస్. ఆకాశం చూస్తే అది తెలీదు.

రెండో మాట: "ఎనభై తొంభై ఏళ్ళుగా ఒడిశాలో ఉన్నారు, ఒడియా నేర్చుకోవాలి." 1936లో గంజాం మద్రాసు నుంచి విడిపోయినప్పుడు ఎవరూ వాళ్ళని అడగలేదు, అది అలా ఉంచండి. వాళ్ళకు ఒడియా రాదని ఎవరన్నారు? బజారులో, రేవులో మనకంటే గడగడ మాట్లాడతారు. నలభై దాటిన మగాళ్ళలో చాలామందికి చదవడం రాదు, అంతే. ఇంకో నిజం కూడా ఒప్పుకుందాం: వాళ్ళకు తెలుగు చదవడమూ రాదు. బడి ఒడియాలో, ఇల్లు తెలుగులో. 350-ఎ అధికరణం పేరు చెప్పి మాతృభాషలో చదువు కావాలని మన అసోసియేషన్ ఏటా తీర్మానం చేస్తుంది, చెయ్యాలి కూడా. కానీ ఆ బళ్ళు వచ్చేదాకా గాలి ఆగదు కదా. అందుకే నేను అడిగేది రాతలో కాదు, మాటలో.

మూడోది మన కార్యదర్శి గారి భయం: తప్పు చెప్తే కేసులౌతాయి. ఈ భయంలో న్యాయం ఉంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ ప్రకారం విపత్తు గురించి తప్పుడు హెచ్చరిక పుట్టించి జనాన్ని హడలగొడితే ఏడాది దాకా జైలు. కానీ ఆ సెక్షన్ ఎవరికి తగులుతుంది? వాతావరణ శాఖ బులెటిన్‌ని, తేదీ, టైము, ఏ తీరానికో చెప్పి, ఉన్నదున్నట్టు తెలుగులో పలికేవాడికా? నాలుగేళ్ళ కిందటి తుపాను వీడియో తీసి "ఇప్పుడే గోపాల్‌పూర్‌లో" అని పంపేవాడికా? రెండోరకం వాళ్ళు మన గ్రూపులో ఎంతమంది ఉన్నారో పైకి స్క్రోల్ చేస్తే తెలుస్తుంది. పేర్లు రాయను, నన్నూ కలుపుకోవాలి కాబట్టి.

ఆ బులెటిన్‌లో మాటలు కష్టమేమీ కాదు, కాకపోతే ఒకసారి నేర్చుకోవాలి. పోర్టులో ఒకటో నంబరు ఎగరేస్తే మన తెలుగు ఛానళ్ళు "ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక" అని వణికిస్తాయి. ఒకటో నంబరు అంటే దూరాన సముద్రంలో గాలివాన ఉంది, తుపాను పుట్టొచ్చు, బయటికెళ్ళేవాళ్ళు గమనించుకోండి అని. మూడో నంబరు వస్తే ఆ ఈదురుగాలి మన రేవుకే వస్తోందని. ఛానల్ ఒకటికే అంత హడావిడి చేస్తే, మూడు వచ్చేసరికి జనానికి విసుగొచ్చి ఉంటుంది. "ఒకటి రెండు చోట్ల భారీ వర్షం" అంటే చినుకులని కాదు. ఆ ప్రాంతంలో నాలుగో వంతు చోట్ల దాకా పడొచ్చు, పడినచోట 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటొచ్చు అని. వాయుగుండం అంటే 31 నుంచి 50 కిలోమీటర్ల గాలి, తీవ్ర వాయుగుండం 62 దాకా, ఆ పైన తుపాను. పేరు పెట్టేది తుపాను అయ్యాకే. కాబట్టి పేరు లేని గాలికే మన బోట్లు తిరగబడతాయి, "ఇంకా పేరు కూడా పెట్టలేదురా, పోదాం పద" అనుకుంటూ.

అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది పసుపు రంగు. జిల్లాల మ్యాపులో గంజాం పసుపుగా ఉంటే "పసుపే కదా, ఎరుపు కాదు కదా" అంటారు. ఆ రంగులు జిల్లాకు, అంటే నేల మీది వానకు, ఉరుములకు. సముద్రానికి ఇచ్చే హెచ్చరిక వేరే పేజీలో వేరే ఉంటుంది. జిల్లా పచ్చగా ఉన్న రోజు కూడా సముద్రం మీద "వెళ్ళొద్దు" ఉండొచ్చు. ఫోన్‌లో మబ్బు బొమ్మ, పక్కన సూర్యుడు, కింద గాలి 18 అని చూపించేది బరంపురానికి. మనం లక్షన్నర పోసి గేటుకు తగిలించబోయేదీ అదే.

కమిటీ మీద నా ఫిర్యాదు ఇంతే అనుకోకండి. గాలి మారే ఈ నెలల్లోనే మన అసోసియేషన్ అందరికంటే బిజీగా ఉంటుంది: వినాయక చవితి పందిరి, దసరా సావనీరు, దీపావళి కుటుంబ సమ్మేళనం. పేటల నుంచి చందా తేవడానికి మనకు మనిషి దొరుకుతాడు, పేటకు కబురు పంపడానికి దొరకడు. కలెక్టరు గారికి ఛత్రపురం వెళ్ళి మహజరు ఇచ్చాం, బులెటిన్ తెలుగులో కూడా ఇవ్వాలని. మంచిదే, నేనూ సంతకం పెట్టాను. ఆ కాగితం కదిలేదాకా చేతులు ముడుచుకు కూర్చోవడమే నాకు నచ్చనిది.

నేను అడుగుతున్నది ఇది. ఈ భాద్రపదం నుంచి కార్తీకం చివరిదాకా ముగ్గురు మనుషులు, వంతులవారీగా. ఒకరికి ఇంగ్లీషు, ఒడియా రెండూ చదవడం రావాలి. ఒకరు పేటల భాష మాట్లాడేవాళ్ళు కావాలి, నాలాంటి పంతులు తెలుగు అక్కడ నవ్వులపాలౌతుంది. మూడోవారు అది పేటలకు అందిందో లేదో ఫోన్ చేసి కనుక్కోవాలి. సాయంత్రం నాలుగింటికి వాయిస్ మెసేజ్. ఎందుకు నాలుగింటికంటే, తెల్లారి వెళ్ళాలా వద్దా అన్నది వాళ్ళు ఆరింటికి ఐసు, డీజిలు కొనేటప్పుడే తేల్చుకుంటారు. కొన్నాక చెప్తే ఎవడూ వినడు, డబ్బు పెట్టేశాడు కాబట్టి. నలభై సెకన్లు చాలు. మాదిరికి:

"అన్నా, బావా, మావా, ఇది ఇయ్యాల సాయంత్రం నాలుగింటి కబురు. రేపు తెల్లారి నుంచి ఎల్లుండి రేత్రి దాకా మన గంజాం సంద్రంలో గాలి 45 నుంచి 55, ఒక్కోపాలి 65. ఏటకి ఎల్లొద్దని బొవనేసరం ఆపీసు సెప్పింది. లోపలున్నోళ్ళు ఒడ్డుకొచ్చీండి. మళ్ళీ కబురు రేపు ఇదే టయానికి."

గాలి లేని రోజున కూడా పంపాలి, "ఇయ్యాల ఏటీ లేదు" అని. అప్పుడే రాని రోజున ఎందుకు రాలేదని వాళ్ళే ఫోన్ చేస్తారు. గంగమ్మ గుడి మైకులో వినిపించడానికి రెండు పేటల పెద్దలు ఇప్పటికే ఒప్పుకున్నారు, నేను వెళ్ళి అడిగొచ్చాను. ఖర్చు, ముగ్గురి రీఛార్జి. మొదటి పేరు నాది రాసుకోండి. పేటల భాష మాట్లాడేందుకు ఆ మోకాలు దెబ్బతిన్న కుర్రాడు ఒప్పుకున్నాడు. ఇంట్లోనే ఉంటున్నాను కదా బాబూ, అన్నాడు.

మూడో మనిషి కావాలి. ఆదివారం ఉదయం పదింటికి ఆరో అంశం వచ్చినప్పుడు బోర్డుకు వ్యతిరేకంగా నేను చెయ్యెత్తుతాను, ఎవరైనా బలపరచాలి. మీటింగుకు రాలేనివాళ్ళు కిందే రాయండి. ఈలోగా దయచేసి ఎవరూ ఈ గ్రూపులో "ముప్పు తప్పింది" అని పెట్టకండి, ఏ ఊరికి తప్పిందో రాయకుండా.